ఎక్కుడు సరే, దిగుడెట్ల?

సైకిల్ మీద ఘాట్ రోడ్లు తిరుగుతానని చెప్తే ఆఫీసులో అడిగే మొదటి ప్రశ్న "ఎంత పడింది?" అని. రెండోది "ఎన్ని కిలోమీటర్లు?" అని. మా గొల్లపల్లిలో మాత్రం ఎవరూ ప్రశ్నలు అడగరు, జాలిగా చూస్తారంతే. సాఫ్ట్‌వేర్ నౌకరి అన్నరు, ఇంకా సైకిలే తొక్కుతుండా పాపం, అని :)

వాళ్ళననడానికి లేదు. మా జగిత్యాల వైపు సగం ఇళ్ళు గల్ఫ్ పైసల మీద లేచినవే. ఆ పైసలు రాగానే ఇంట్లోంచి మొదట పోయేది సైకిల్. మా బాపు మస్కట్ నుంచి మొదటిసారి సెలవు మీద వచ్చినప్పుడు పాత అట్లాస్ సైకిల్ ఎవరికో ఇచ్చేసి బండి కొన్నాడు. సైకిల్ పోవడమంటే ఆయన లెక్కలో కష్టకాలం పోవడమే. అలాంటి మనిషి దగ్గరికి పోయి 45,000 పెట్టి సైకిల్ కొన్నా అని చెప్తే ఏమంటాడు? "గా పైసలకు సెకండాండ్ల మంచి బండే వచ్చు గదరా" అన్నాడు. అక్కడితో ఆగాడు, అదే గొప్ప.

బాపుకు కొండ ఎక్కడం కొత్తేం కాదు. చిన్నప్పుడు మా నానమ్మను వెనక కూర్చోబెట్టుకుని కొండగట్టు అంజన్న దగ్గరికి సైకిల్ మీదే పోయేవాడట. గుట్ట మొదలయ్యేదాకా తొక్కుడు, ఆపైన ఇద్దరూ దిగి సైకిల్ నూకుకుంట పోవుడు. ఆ సైకిల్‌తో అంతకన్నా కుదరదు కూడా. ఎందుకో లెక్క చూడండి. ఇంజినీరింగ్ చదివినందుకు ఈ మాత్రం లెక్కన్నా వెయ్యకపోతే ఎట్లా.

మనిషి, సైకిల్, సామాను అన్నీ కలిపి 100 కిలోలనుకుందాం. 10 శాతం ఏటవాలు, అంటే 100 మీటర్లు పోతే 10 మీటర్లు పైకి. దాని మీద గంటకు 8 కిలోమీటర్ల వేగంతో ఎక్కాలంటే కాళ్ళు దాదాపు 220 వాట్ల శక్తి ఇస్తూనే ఉండాలి. మామూలు మనిషి గంటసేపు ఇవ్వగలిగింది కాదది. వేగం 5 కిలోమీటర్లకు తగ్గిస్తే 136 వాట్లు చాలు. అది కుదిరే పనే. కానీ పాత సైకిల్‌లో ముందు చక్రానికి 44 పళ్ళు, వెనక 18 ఉంటే, పెడల్ ఒక్కసారి తిరిగితే సైకిల్ 5 మీటర్లకు పైనే ముందుకు పోతుంది. గంటకు 5 కిలోమీటర్లంటే నిమిషానికి 15 సార్లు తొక్కడం. అంటే ఒక్కో తొక్కుకూ మనిషి మొత్తం బరువు వేసి నిలబడాలి, మోకాళ్ళు పోతాయి. ముందు 28, వెనక 32 పళ్ళున్న గేరైతే అదే వేగానికి నిమిషానికి 45 సార్లు తొక్కొచ్చు. మెల్లగా, కూర్చుని, మాట్లాడుకుంటూ ఎక్కొచ్చు. గేర్ల వల్ల బలమేం పెరగదు, ఉన్న బలాన్ని చిన్న చిన్న వాయిదాల్లో కట్టనిస్తాయి, అంతే. ఈఎంఐ అన్నమాట.

అందుకే ఎక్కడం నా దృష్టిలో పెద్ద విషయం కాదు. తక్కువ గేరు, ఓపిక, నీళ్ళు, కొంచెం బెల్లం ఉంటే వికారాబాద్ అనంతగిరి అయినా, నిర్మల్ దగ్గరి మహబూబ్ ఘాట్ అయినా, విశాఖ నుంచి అరకు అయినా ఎప్పుడో ఒకప్పుడు ఎక్కేస్తాం. మధ్యలో అలిసిపోతే ఆగుతాం. ఎక్కేటప్పుడు ఆగిపోవడం ప్రమాదం కాదు. దిగేటప్పుడు ఆగలేకపోవడం ప్రమాదం.

ఇంకో లెక్క. అదే 100 కిలోలు 300 మీటర్ల ఎత్తు నుంచి కిందికి దిగితే బయటపడే శక్తి దాదాపు 294 కిలోజౌళ్ళు. 30 డిగ్రీల నీళ్ళు ఒక లీటరు మరిగించడానికి అది సరిపోతుంది. కొంత గాలి తీసుకుంటుంది, మిగిలిందంతా బ్రేకులే మింగాలి. అరకు నుంచి కిందికి రావడమంటే సుమారు 900 మీటర్లు. మూడు లీటర్ల నీళ్ళు మరిగేంత వేడి, అరచేతిలో పట్టేంత బ్రేకు ముక్కల్లో! రిమ్‌కు పట్టే బ్రేకులైతే రిమ్ కాలి లోపలి ట్యూబు పేలొచ్చు. డిస్కు బ్రేకులైతే పట్టు జారిపోవచ్చు. లారీకి, బస్సుకు తక్కువ గేరులో వేస్తే ఇంజను కూడా కొంత పట్టి ఉంచుతుంది. ఎక్కడానికి ఏ గేరు వాడతామో దిగడానికీ అదే వాడాలని పాత డ్రైవర్లు చెప్పేది అందుకే. సైకిల్‌కు ఆ ఆసరా కూడా లేదు.

ఈ దిగుడు సంగతి నేను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. నేను ఇంజినీరింగ్ చదివింది కొండగట్టు పక్కనే, నాచుపల్లి జేఎన్‌టీయూలో. 2018 సెప్టెంబర్ 11, మంగళవారం. గుట్ట మీది నుంచి ఘాట్ రోడ్డులో దిగుతున్న ఆర్టీసీ బస్సు లోయలో పడింది. సీట్ల కన్నా చాలా ఎక్కువ మంది ఉన్నారందులో. 60 మందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది కొడిమ్యాల మండలం పల్లెలవాళ్ళే. ఒక్కో ఊళ్ళో ఒకే రోజు అన్ని పాడెలు లేచాయి. చుట్టుపక్కల మండలాల్లో ఎవరికో ఒకరికి అందులో చుట్టమో, తెలిసినవాళ్ళో ఉన్నారు. ఇప్పటికీ మా అమ్మ ముందు ఘాట్ రోడ్డు అన్న మాట ఎత్తితే చాలు, చేతిలో పని ఆపి నా మొహంలోకి చూస్తుంది. "యాడికన్న పో, గుట్ట దిగేటప్పుడు మాత్రం నన్ను యాది చేసుకో" అంటుంది. నేను విన్న సైకిల్ పాఠాల్లో ఇంతకన్నా మంచిది లేదు.

పోయిన సంవత్సరం ముగ్గురం స్నేహితులం మనాలి నుంచి లేహ్‌కు బయల్దేరాం. నాలుగు వందల కిలోమీటర్లకు పైనే ఉండే దారి. 2020 అక్టోబర్‌లో అటల్ టన్నెల్ తెరిచాక బండ్లన్నీ అటే పోతున్నాయి కాబట్టి రోహ్‌తాంగ్ మీది పాత రోడ్డు ఇప్పుడు సైకిళ్ళకు హాయి. మనాలి 2,050 మీటర్లు, రోహ్‌తాంగ్ 3,978 మీటర్లు. రెండ్రోజులు పట్టింది. అక్కడి నుంచి కేలాంగ్, జిస్పా, పట్సియో, ఒక్కో చోట ఆగుకుంటూ, తొందరపడకుండా సుమారు 4,270 మీటర్ల ఎత్తున్న జింగ్‌జింగ్‌బార్ చేరాం. అక్కడ గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉండేదాంట్లో ఆరు పాళ్ళే. బూట్ల లేసు కట్టుకోవడానికి వంగినా ఆయాసమే.

ఆ రాత్రి మాలో ఒకడికి తలనొప్పి మొదలైంది. తెల్లారేసరికి వాంతులు. బయట నేల మీద గీత గీసి, మడమకు వేలు ఆనించుకుంటూ దాని మీద నడవమన్నాం. రెండడుగులకే పక్కకు తూలాడు. ఎత్తుకు ఒళ్ళు తట్టుకోలేకపోతే ఇలా అవుతుంది. జాగ్రత్తలు తీసుకున్నా కొందరికి వస్తుంది, బలానికీ వయసుకూ సంబంధం లేదు. నడక తూలిందంటే సంగతి మెదడు దాకా పోయినట్టే. దానికి అసలు మందు కిందికి దిగడం ఒక్కటే.

ఇక్కడే భూగోళం చూసుకోవాలి. ముందుకు పోతే బారాలాచా కనుమ, సుమారు 4,890 మీటర్లు. అది దాటాక వచ్చే సర్చు కూడా 4,200 మీటర్లకు పైనే. పైగా సర్చులో ఆరోగ్యం చెడిందంటే ఎటు పోవాలన్నా మళ్ళీ ఒక కనుమ ఎక్కాల్సిందే. అదొక గిన్నె లాంటి చోటు. వెనక్కి పోతే మాత్రం అంతా దిగుడే. బతిమాలడం, వాదించడం ఏమీ జరగలేదు. అటుగా వచ్చిన ఒక ట్రక్కులో వాడినీ వాడి సైకిల్‌నూ ఎక్కించి ఒకడు తోడు వెళ్ళాడు, నేను వెనకాల సైకిల్ మీద దిగాను. కేలాంగ్‌లో కలిసేసరికి వాడు టీ తాగుతూ మా ఇద్దరినీ తిడుతున్నాడు, "నా వల్ల మీ ట్రిప్పు చెడింది" అని. తిట్టే ఓపిక వచ్చిందంటే చాలనిపించింది.

తిరిగొచ్చాక అందరిదీ ఒకే మాట, "లేహ్ చూడకుండానే వచ్చేశారా? ఇంకొక్క రోజు చూడాల్సింది కదా!" ఖార్దుంగ్ లా బోర్డు పక్కన ఫొటో లేదు కాబట్టి మేం పోయింది లెక్కలోకి రాదట. ఆ బోర్డు మీద ఏళ్ళ తరబడి 18,380 అడుగులని రాసి ఉండేది. కొలిస్తే 5,359 మీటర్లు, అంటే 17,582 అడుగులే. లెక్క తప్పిన అంకె పక్కన నిలబడటానికి మనిషి ప్రాణం పందెం పెట్టమంటారా?

బాపుకు మాత్రం జరిగిందంతా చెప్పాను. మస్కట్‌లో పన్నెండేళ్ళున్న మనిషి. తోటివాళ్ళు పెట్టెల్లో తిరిగి రావడం చూసినవాడు. అంతా విని, "పోయినోడు కాదురా, మర్లి వచ్చినోడు మొగోడు" అన్నాడు. తర్వాత మెల్లగా సైకిల్ దగ్గరికి పోయి వెనక చక్రం చేత్తో తిప్పి చూసి, "గీ పండ్లేనా నువ్వు చెప్పింది?" అన్నాడు.

నా అభిప్రాయం ఇది. మనవాళ్ళు ఈమధ్య సైకిళ్ళు బాగానే కొంటున్నారు. 200 కిలోమీటర్లు 13న్నర గంటల్లో పూర్తిచేసే బ్రెవేలకు కూడా వెళ్తున్నారు. సంతోషమే. కానీ యాప్‌లో ఎక్కిన ఎత్తుకు, దిగిన వేగానికి పతకాలిస్తారు గానీ సరైన చోట ఆగినందుకు, వెనక్కి తిరిగినందుకు ఏ పతకమూ ఇవ్వరు. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు నేను చెప్పేది రెండు ముక్కలు. బ్రేకులు మలుపుకు ముందే వేసి, మలుపులో వదలండి. అదేపనిగా పట్టుకుని దిగకండి, మధ్యలో ఆగి చల్లారనివ్వండి. ఎదురుగా ఎక్కి వచ్చే బండికి దారివ్వండి, ఇరుకు ఘాట్‌లో ఎక్కేవాళ్ళదే ముందు హక్కని మన దేశపు రోడ్డు నిబంధనల్లోనే ఉంది. రెండు ముక్కలని చెప్పి మూడు చెప్పినట్టున్నా, సర్దుకోండి.

నాలుగోది కూడా ఉంది గానీ, అది మా అమ్మ ముందే చెప్పేసింది.