మద్దికెరలో గాలిబూర

గుంతకల్లు జంక్షనులో దిగి నంద్యాల రైలుదారి పట్టినవారికి మద్దికెర ఎంతో దూరం కాదు. కర్నూలు జిల్లా పడమటి వైపున, అనంతపురం జిల్లా సరిహద్దుకు చేరువలో ఉన్నది ఈ ఊరు. పేరు చివరనున్న ‘కెర’ను చూడగానే కన్నడంలో చెరువును తెలిపే ‘కెరె’ గుర్తుకు వస్తుంది. పక్కనున్న ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 దాకా బళ్ళారి జిల్లాలోనివే గదా! ఈ వైపు పల్లెల్లో రెండు భాషలూ ఒకే అరుగు మీద కూర్చొని మాట్లాడుకుంటాయంటే వింత లేదు.

ఎర్రనేలా, నల్లరేగడీ కలిసిన మెట్టపొలాలివి. వాన కురిస్తే వేరుశనగ, పత్తి, కంది, ఆముదం. బోరుబావి ఉన్నచోట టమాటా. ఆ టమాటా తెల్లవారేసరికి పత్తికొండ మార్కెట్టు చేరాలి. నా దగ్గర తెలుగు చదువుకొన్న కుర్రవాడొకడు అప్పు చేసి పికప్ బండి కొన్నాడు. తన పంటా, ఇరుగుపొరుగు రైతుల పంటా అందులోనే మోస్తున్నాడు. నేను ఊరు చూద్దామని వెళితే, మరునాడే ప్రయాణం కట్టించాడు.

“సార్, గుంతకల్లుకు పోతాండా. బండికి గాలిబూర బిగించల్ల. మీరూ రాండి.”

“బండితోపాటు వచ్చిన హారను చాలదటోయ్?”

“అది పీ అంటే గొర్రె గూడా తల తిప్పదు సార్. కందులేమో రోడ్డు మీదనే ఆరబోస్తారు. బైకులోళ్ళు చెవుల్లో పాటలు పెట్టుకొని పోతాంటారు. అరగంట ఆలస్యమైతే మార్కెట్లో ధర పడిపోతాది. బండి కంతు ఎవరు కడతారు?”

ఆ చివరి ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. బండెక్కాను.

మెకానికు సామానంతా గోనెపట్టా మీద పరిచాడు. పిడికిలంత మోటారు కంప్రెసరు, సన్నని ప్లాస్టికు గొట్టం, పొడుగుదొకటీ పొట్టిదొకటీ రెండు బూరలు, ఒక రిలే, ఒక ఫ్యూజు. పెద్ద లారీలకు బ్రేకుల కోసం గాలితొట్టి ఉంటుంది. ఆ గాలిలోనే కొంత బూరకు మళ్ళిస్తారు. ఈ పికప్ బ్రేకులు నూనె ఒత్తిడితో పనిచేసేవి. కనుక గాలి కోసం కంప్రెసరు వేరే పెట్టాలి. అది 12 వోల్టుల బ్యాటరీ నుంచి కరెంటు బాగా లాగుతుంది. హారను మీటకు నేరుగా కలిపితే మీట కాలిపోతుంది. అందుకని మీట రిలేకు సైగ చేస్తుంది. రిలే కంప్రెసరుకు కరెంటు వదులుతుంది. గాలి దూసుకువచ్చి బూర మొదట్లో ఉన్న పలుచని రేకును అదరగొడుతుంది. పొడుగు బూరది కింది స్థాయి, పొట్టిదానిది పై స్థాయి. నాదస్వరానికీ పొట్టి సన్నాయికీ ఉన్న తేడాయే ఇదీను.

పరీక్షకని ఒక్కసారి నొక్కాడు. పక్క కొట్టులో టీ తాగుతున్న పెద్దాయన చేతిలో గ్లాసు తొణికింది. మావాడి ముఖం వెలిగింది.

తిరుగుదారిలో, ఊరు ఇంకా రాకముందే గొర్రెలమంద అడ్డం వచ్చింది. మావాడు మీట నొక్కాడు. గొర్రెలు రోడ్డు దిగుతాయనుకొన్నాము. దిగలేదు సరిగదా, బెదిరి ఒకదాని మీద ఒకటి ఎగబడి, సగం మంద బండి ముందుకే వచ్చిపడింది. బ్రేకు గట్టిగా పడింది కాబట్టి ఒక్క జీవానికీ దెబ్బ తగలలేదు. కాపరి ముసలాయన తిట్టలేదు. కర్ర చంకన పెట్టుకొని దగ్గరకు వచ్చాడు.

“నాయనా, గొర్లను అదిలించల్ల గానీ బెదిరిస్తే ఎట్ల? బెదిరిందానికి దారి కనపడదు” అన్నాడు. తర్వాత నాలుకతో చిన్న చప్పుడు చేశాడు. మంద మంచినీళ్ళ ప్రాయంగా పక్కకు దిగిపోయింది. పోతూ పోతూ, “దసరాకు గూడా ఇట్లనే ఊదుతావా? గుర్రాలుంటాయి మరి!” అన్నాడు.

ఆ మాటతో మావాడు మెత్తబడ్డాడు. మద్దికెర పేరు నలుగురికీ తెలిసింది ఆ గుర్రాల వల్లనే. విజయదశమి నాడు ఇక్కడి యాదవరాజ వంశీకుల కుటుంబాలవారు తలపాగాలు చుట్టి, గుర్రాలెక్కి బొజ్జనాయునిపేటకు వెళతారు. అక్కడ భోగేశ్వరస్వామికి పూజ చేసి, మద్దికెర దాకా పందెం కట్టి దౌడు తీస్తారు. దూరం సుమారు 3 కిలోమీటర్లు. దీనినే గుర్రాల పారువేట అంటారు. దారి పొడవునా జనం కిక్కిరిసి ఉంటారు. ఆ వేళ ఒక గుర్రం బెదిరితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు.

ఆ రాత్రి అరుగు మీద చట్టం సంగతి వచ్చింది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలలో 119వది, రకరకాల స్వరాలు పలికే హారన్లనూ, కర్కశంగా, చెవులు చిల్లులుపడేట్టు మోగే సాధనాలనూ బండికి బిగించరాదంటుంది. 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనల ప్రకారం ఇళ్ళున్న చోట పగలు 55, రాత్రి 45 డెసిబెల్సు మించరాదు. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా ఇళ్ళ మధ్య, అత్యవసరమైతే తప్ప, హారనే మోగించరాదు. పది డెసిబెల్సు పెరిగితే శబ్దశక్తి పదిరెట్లవుతుందన్నది గుర్తుంచుకోవాలి. 2019 సవరణ తర్వాత శబ్దనియమాలు మీరినందుకు మొదటిసారే పదివేల రూపాయల దాకా జరిమానా పడవచ్చు. మూడు నెలలు లైసెన్సుకూ ముప్పే.

“పదివేలా! అది రెండు కంతులకు పైనే సార్” అన్నాడు మావాడు.

మన పెద్దలు దూరాన్ని కూడా శబ్దంతోనే కొలిచారు. ‘కూతవేటు దూరం’ అన్నారు. ఆ కొలత మనిషి గొంతుకు లోబడినది. వినేవాడికి కబురు చేరేంత కూత చాలునన్న ఇంగితం ఆ మాటలోనే ఉంది.

మరునాడు పాత హారను మళ్ళీ ఎక్కింది. దానికి తోడుగా, నిబంధనలకు లోబడిన మామూలు కరెంటు హారను మరొకటి పెట్టుకొన్నాడు. టమాటా పెట్టెలు ముందు రాత్రే ఎక్కించి, రోజూకంటే అరగంట ముందు బయలుదేరాము. దారిలో మరొక మంద ఎదురైంది. మావాడు బండి నిదానం చేసి, అద్దం దించి, ముసలాయన లాగే నాలుకతో చప్పుడు చేశాడు. గొర్రెలు నవ్వలేదు గాని, దారి మాత్రం ఇచ్చాయి. మార్కెట్టులో వేలం మొదలయ్యే వేళకు మేమక్కడ ఉన్నాము.

గాలిబూర పశువులకొట్టంలో దూలానికి వేలాడుతున్నది. “పారేయొద్దులేరా, చేన్లోకి అడవిపందులొస్తే ఊదుదాం” అన్నాడు వాళ్ళ నాయన.