ఎప్పుడూ కుడివైపేనా?

ఏడు నెలలు కుడి ముక్కు మూసుకుపోయే ఉంది. ఎడమది మాత్రం హాయిగా ఆడేది. సైనస్ అన్నారు, అలర్జీ అన్నారు, హైదరాబాద్ దుమ్ము అన్నారు. స్ప్రేలు మారాయి. దిండు మీద రెండోసారి రక్తం మరక కనపడ్డాక, నాలుగో డాక్టరమ్మ ఒకటే అడిగింది: "ఎప్పుడూ కుడివైపేనా?" అలర్జీ సాధారణంగా రెండు వైపులనీ పట్టుకుంటుందట. ఒకవైపే దిబ్బడ, అదే వైపు రక్తం కలిస్తే లోపలికి తొంగి చూడాల్సిందే.

సన్నటి కెమెరా గొట్టం పెట్టి చూశారు. ముక్కు పైకప్పు దగ్గర ఎర్రటి కండ. వెంటనే ముక్క తీస్తారనుకున్నా, తియ్యలేదు. అక్కడ వేలాడేది ఒక్కోసారి కిందికి జారిన మెదడు భాగమే కావచ్చు, రక్తనాళాల ముద్ద కావచ్చు. అందుకని ముందు స్కానులు. ఎముక ఎంత అరిగిందో సీటీ చెబుతుంది. కణితి ఎక్కడ ఆగి, దాని వెనక నిలిచిపోయిన చీమిడి ఎక్కడ మొదలైందో ఎమ్మారై చెబుతుంది. (చీమిడి గురించి అంత గౌరవంగా మాట్లాడగా వినడం అదే మొదటిసారి.) ఆ తర్వాతే బయాప్సీ. ఆల్ఫాక్టరీ న్యూరోబ్లాస్టోమా అని తేలింది. 1924లో ఫ్రాన్సులో బెర్జే, లూక్ మొదటిసారి వర్ణించిన అరుదైన క్యాన్సర్. వాసన పట్టే పొరలోంచే పుడుతుంది.

ఆ పొర పైనున్న ఎముక అచ్చం జల్లెడ. దాని లాటిన్ పేరుకి అర్థం కూడా అదే. ఆ చిల్లుల్లోంచే వాసన నరాలు మెదడుకి ఎక్కుతాయి, కణితీ ఆ దారే పడుతుంది. ఒకప్పుడు నెత్తి మీద ఈ చెవి నుంచి ఆ చెవిదాకా కోసి, పుర్రె తెరిచి తీసేవారు. ఇప్పుడు చాలామందికి ముక్కు రంధ్రాల్లోంచే. జల్లెడనీ దాని మీది మెదడు పొరనీ తీసేసి, ముక్కు నడిమి గోడ నుంచి ఒలిచిన పొరతో ఆ కంత మూస్తారు. రక్తం అందేలా దాని ఒక కొసని తెంపకుండా ఉంచుతారు. సరిగ్గా అతుక్కోకపోతే మెదడు నీరు ముక్కులోంచి కారుతుంది.

"మీకు రెండు వైపులా తియ్యాలమ్మా. వాసన పూర్తిగా పోతుంది," అన్నారు సర్జన్ గారు, సంతకానికి ముందు.

"కళ్ళు ఉంటాయిగా, చాలు," అంది అమ్మ. ఆవిడ లెక్క ఆవిడది. కణితికీ కంటికీ మధ్య కాగితమంత ఎముకే. సంతకం పెట్టేశా. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టక వాసనల మాటలు ఏరుకుంటూ కూర్చున్నా. నీచు, కమురు, గబ్బు, ముక్కిపోయిన బియ్యం, తడిసిన మట్టి, కమ్మటి నెయ్యి. కొన్నిటికి వాసనే తప్ప వేరే అర్థం లేదు. అవి నాకిక ఉత్త మాటలు.

మూడేళ్ళయింది. రేడియేషన్ కూడా అయిపోయింది. పదేళ్ళ తర్వాత కూడా తిరిగొచ్చే రకం కాబట్టి స్కానులు సాగుతూనే ఉంటాయి. కాఫీ వేడి చేదు. ఇంగువ అసలు లేదు. పాలు విరిగాయో లేదో మా వాడిని అడుగుతా. కానీ ఆవ ఘాటు పట్టేది వాసన నరం కాదట, ముఖం మీది స్పర్శని మోసే నరం. దాన్నెవరూ ముట్టుకోలేదు. కొత్తావకాయ ముద్ద పెట్టుకుంటే ఇప్పటికీ నషాళానికి అంటుతుంది. కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే, "తగ్గించి తినవే," అని అమ్మ కసురుతుంది. ఇంకో ముద్ద కలుపుకుంటా.