ఎక్స్‌కామ్ 2కి వచ్చిన మార్కులు, మా రూంలో తెగని చర్చ

ఈ పోస్టు కొంచెం పొడుగు. ఉద్యోగ నోటిఫికేషన్ గురించో స్కాలర్‌షిప్ గురించో కాదు, ఒక వీడియో గేమ్ గురించి. "ఇక్కడ కూడా గేముల గోలేనా" అనుకునేవాళ్లు సగం దాకా చదివి, అప్పుడు తిట్టండి.

మేము భద్రాచలం వైపు ఏజెన్సీ మండలాల నుంచి వచ్చి హైదరాబాద్‌లో ఒకే రూంలో ఉంటున్న నలుగురం. నలుగురికీ కలిపి ఒకటే లాప్‌టాప్, అది కూడా సెకండ్ హ్యాండ్‌ది. ఒకే లాప్‌టాప్ మీద నలుగురు ఆడాలంటే వంతులవారీగా నడిచే ఆట కావాలి. అట్లా వెతికితే దొరికింది ఎక్స్‌కామ్ 2. ఇందులో మనం ఒక్కడిగా పరిగెత్తి కాల్చం. నలుగురైదుగురు సైనికుల జట్టు ఉంటుంది. మన వంతులో ఒక్కొక్కరిని ఎక్కడికి నడపాలి, ఏ గోడ చాటున నిలబెట్టాలి, ఎవరిని కాల్పించాలి అని చెప్పాలి. తర్వాత శత్రువు వంతు. చచ్చిన సైనికుడు ఇక తిరిగి రాడు. తలా ఒక సైనికుణ్ని పంచుకున్నాం, మా పేర్లే పెట్టుకున్నాం.

దీని వెనక కొంత చరిత్ర ఉంది. 1994లో జూలియన్ గోలప్, ఆయన తమ్ముడు నిక్ కలిసి ఇంగ్లండ్‌లో మొదటి ఎక్స్‌కామ్ తయారుచేశారు. 2012లో అమెరికాలోని ఫిరాక్సిస్ కంపెనీ జేక్ సాలమన్ నాయకత్వంలో దాన్ని మళ్లీ కొత్తగా చేసింది. అప్పటికి ఇట్లాంటి నిదానం ఆటల కాలం అయిపోయిందనే మాట గట్టిగా ఉండేది. రివ్యూలు చూస్తే ఆ మాట తప్పని తేలింది, మెటాక్రిటిక్‌లో సగటు 90కి దగ్గర పడింది. రెండోది 2016 ఫిబ్రవరిలో వచ్చింది. మొదటి ఆటలో గ్రహాంతరవాసుల మీద మనుషులు గెలవలేదు, ఓడిపోయారు అనుకుని దాని కథ మొదలవుతుంది. ఇరవై ఏళ్లుగా భూమిని గ్రహాంతరవాసులే అడ్వెంట్ అనే ప్రభుత్వం పెట్టి ఏలుతుంటారు. మనం దాక్కుని తిరగబడేవాళ్లం. దీనికీ మార్కులు దాదాపు అంతే వచ్చాయి.

ఇప్పుడు రివ్యూల సంగతి. వాటిలో ఎక్కువమంది మెచ్చుకున్నది ఒకటే. ఈ ఆటలో నష్టానికి బరువుంది అన్నారు. పేరు పెట్టి, జుట్టు రంగు ఎంచి, పది మిషన్లు తిప్పిన మనిషి ఒక్క దెబ్బకు పోతే మనసు నొచ్చుకుంటుందన్నారు. నిజమే. మాలో ఒకడి సైనికుడు మూడో మిషన్‌లో పోయాడు. ఆ రాత్రి వాడు అన్నం కూడా సరిగ్గా తినలేదు. ఇంకొకడేమో "నా వాణ్ని మాత్రం ముందు నడపొద్దు" అని గొడవ. చివరికి పేరు పెట్టని కొత్త కుర్రాళ్లను ముందు పంపడం మొదలైంది. సలహాలు రాసేవాళ్లు కూడా అదే చెబుతారు. కొత్తవాణ్ని ముందు పంపు, వాడు పోయినా నష్టం తక్కువ అని. అది విన్నాక మా రూంలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ముందు ఎవరిని పంపుతారో మన ఊళ్లలో ఎవరికి తెలియదు చెప్పండి.

తిట్టిన విషయాలూ ఉన్నాయి. విడుదలైనప్పుడు ఆట బాగా నత్తనడక నడిచిందని, మంచి కంప్యూటర్లలో కూడా లోడ్ కావడానికి చాలా టైం పట్టేదని రివ్యూలలోనే రాశారు. క్యాప్స్ లాక్ నొక్కితే లోడింగ్ త్వరగా అయిపోతుందని ఆటగాళ్లు కనిపెట్టారు, నమ్మండి, ఇది జోక్ కాదు. అసలే మాది పాత లాప్‌టాప్. లోడ్ అయ్యేలోపు టీ పెట్టుకుని తాగేవాళ్లం.

పెద్ద గొడవ మాత్రం గడువు మీద. చాలా మిషన్లలో ఇన్ని వంతుల్లో పని ముగించాలని లెక్క ఉంటుంది. మొదటి ఆటలో జనం ఒక్కో అడుగు వేస్తూ, ప్రతి మూలా తడుముకుంటూ ఆడుతున్నారని, వాళ్లను కదిలించడానికి ఇది పెట్టారు. రివ్యూ రాసినవాళ్లు చాలామంది ఇది మంచి ఒత్తిడి అన్నారు. ఆటగాళ్లలో చాలామంది దీన్ని తీసిపారేసే మాడ్‌లు కొద్ది రోజుల్లోనే దించుకున్నారు. 2017లో వచ్చిన వార్ ఆఫ్ ద చోజెన్‌లో గడువు పెంచుకునే వీలు కంపెనీయే ఇచ్చింది. మా ఓటు రివ్యూ వాళ్లకే. గడువు లేకపోతే ఇది దాగుడుమూతల ఆట అయిపోతుంది.

ఇంకో ఫిర్యాదు శాతాల మీద. తెర మీద 90 శాతం తగులుతుందని చూపించి గురి తప్పితే మోసం మోసం అని అరుస్తారు. లెక్క వేసి చూడండి. 90 శాతం దెబ్బలు పది కొడితే, అందులో కనీసం ఒకటి తప్పే అవకాశం 65 శాతం. అసలు తేలిక స్థాయిల్లో ఆట లోపల్లోపల మన వైపే ఉంటుంది, చూపించేదానికన్నా ఎక్కువ శాతం ఇస్తుంది. మాలో గ్రూప్స్‌కి చదివే అన్న ఈ లెక్క మీద ఒక రాత్రంతా క్లాసు పీకాడు.

ఇక మాకు నిద్ర పట్టనివ్వని మిషన్ దగ్గరికి వద్దాం. అప్పుడప్పుడు అడ్వెంట్ సేనలు మనవాళ్లు దాక్కున్న పల్లె మీద పడతాయి. ఊరు తగలబడుతుంటుంది, జనం పరుగులు తీస్తుంటారు, మనం వెళ్లి వాళ్లను కాపాడాలి. కిటుకు ఏమిటంటే ఆ జనంలో కొందరు మనుషులు కారు. ఫేస్‌లెస్ అనే జీవులు పల్లెటూరి మనిషి రూపంలో నిలబడి ఉంటాయి. కాపాడదామని దగ్గరికి పోతే అసలు రూపం బయటపడి మీద పడతాయి. మేము చదివిన రివ్యూలలో దీన్ని ఒకటి రెండు వాక్యాల్లో మంచి మలుపు అని రాసి వదిలేశారు.

మాకు అది మలుపులా అనిపించలేదు. ఊరి జనంలో ఎవడు ఎవరి మనిషో తెలియని రోజులు మా అమ్మానాన్నలు చూశారు. రాత్రి ఒకరు వచ్చి అన్నం పెట్టమంటే, పొద్దున ఇంకొకరు వచ్చి ఎందుకు పెట్టావని అడిగే ఊళ్లు అవి. ఇన్ఫార్మర్ అనే మాట ఒక మనిషి మీద పడితే ఏమవుతుందో ఇక్కడ కొందరికి ఇంట్లోనే తెలుసు. ఆ మిషన్ మొదటిసారి వచ్చినప్పుడు మాలో ఒక తమ్ముడు మౌస్ వదిలేసి లేచి బయటికి పోయాడు.

అయితే ఆడగా ఆడగా ఒకటి గమనించాం. ఈ ఆటలో ఊరి మనిషి మీద తుపాకీ గురిపెట్టడం కుదరదు. ఆ వీలే ఇవ్వలేదు. గ్రెనేడ్ అజాగ్రత్తగా విసిరితే పోతారు, అది వేరే సంగతి. అనుమానం ఉన్నా సరే, దూరం నుంచి కాల్చి తేల్చుకునే దారి లేదు. బయటపెట్టే స్కానర్ పరికరం ఒకటుంది, అది లేకపోతే దగ్గరికి పోయి, పక్కన నిలబడాల్సిందే. గ్రూప్స్ అన్న అన్నాడు, మొత్తం ఆటలో తెలివైన పని ఇదే, దీనికి ఎవరూ మార్కులు వేయలేదు అని. బయటికి పోయిన తమ్ముడు ఒప్పుకోలేదు. "తుపాకీ ఉన్నోడికి ఆ నియమం పెట్టింది ఆట తయారుచేసినోడు. బయట ఎవరు పెడతారు?" అన్నాడు.

వార్ ఆఫ్ ద చోజెన్ వచ్చాక ఇది ఇంకా చిక్కుపడింది. అందులో కొన్ని పల్లె మిషన్లలో ఊరివాళ్లే తుపాకులు పట్టుకుని మన పక్కన పోరాడతారు. ఆ విస్తరణకు మంచి పేరొచ్చింది, అర్హమే కూడా. చోజెన్ అనే ముగ్గురు శత్రువులు, అలసిపోయే సైనికులు, వాళ్ల మధ్య పెరిగే స్నేహాలు, అన్నీ బాగా కుదిరాయి. ఊరివాళ్ల చేతికి తుపాకి రావడం చూసి మాత్రం మాకు పొరుగున ఉన్న ఛత్తీస్‌గఢ్ గుర్తొచ్చింది. సల్వా జుడుం కాలంలో ఆదివాసీ కుర్రాళ్లను స్పెషల్ పోలీస్ ఆఫీసర్లుగా చేసి తుపాకులిచ్చారు. అది రాజ్యాంగ విరుద్ధమని 2011 జూలైలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఆ గొడవల్లో ఊళ్లు వదిలి మన అడవుల్లోకి వచ్చిన గుత్తికోయల పిల్లలు మాతో పాటే బడిలో కూర్చున్నారు. అమెరికాలో కూర్చుని రివ్యూ రాసినవాడికి ఇది తెలియాలని మేము అనడం లేదు. వాడి పని ఆట ఎట్లా నడుస్తుందో చెప్పడం, అది బాగానే చెప్పాడు. ఆ పల్లెలో నిలబడ్డ మనిషి వైపు నుంచి రాయాల్సినది మనమే రాసుకోవాలి కదా అని ఈ పోస్టు.

ఆట మానేయలేదు. బయటికి పోయిన తమ్ముడు పల్లె మిషన్ వచ్చినప్పుడు మాత్రం మౌస్ తనకే ఇమ్మంటాడు. శత్రువు ఎంత దగ్గరగా ఉన్నా మొదట ఊరివాళ్ల పక్కకే సైనికుల్ని నడుపుతాడు, అందువల్ల ఇద్దరు మంచి సైనికులు పోయారు కూడా. వాళ్లలో ఒకరు గ్రూప్స్ అన్న పేరున్నవాడు. అన్న ఇంకా అలుగుతూనే ఉన్నాడు.

ఆడినవాళ్లు ఎవరైనా ఉంటే పల్లె మిషన్ మీరు ఎట్లా ఆడారో కింద రాయండి. కొనాలనుకునేవాళ్లు పండగ సేల్ దాకా ఆగండి, ధర బాగా తగ్గుతుంది. లాప్‌టాప్‌లో విడిగా గ్రాఫిక్స్ కార్డు లేకపోతే మాత్రం డబ్బులు పెట్టకండి.