కంప్రెసర్‌కు పోసిన 62,360

మా బావ మాట విని 2025 వేసవిలో కారు కంప్రెసర్ మార్పించాను. ఆ ఖర్చు ఇప్పటికీ మింగుడు పడటం లేదు.

సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఎయిర్ సస్పెన్షన్ బండి అది. మదనపల్లెలో రాత్రి ఇంటి ముందు నిలిపితే తెల్లారేసరికి ముందు ఎడమ మూల కుంగేది. స్టార్ట్ చేస్తే మెల్లగా లేచేది. కుప్పంలో ఉండే బావకు బెంగళూరు షెడ్లన్నీ తెలుసని పేరు. "మిషన్ పోయుంటాదిలేప్పా, మార్చేసెయ్" అన్నాడు. ఆయన పంపిన బెంగళూరు గ్యారేజీవాళ్లు బండిని ఒక్క రాత్రి నిలిపి చూడకుండానే అదే రాశారు. నాలుగు మూలలకూ గాలి పంపేది ఒకే కంప్రెసర్. అది పోతే ఒక్క మూలే ఎందుకు కుంగుతుందని అడిగాను. జవాబు రాలేదు, బిల్లు వచ్చింది.

కంప్రెసర్ 42,000. దాని మీద అప్పటి జీఎస్టీ 28 శాతం, 11,760. కూలి 5,000, దానిపై 18 శాతం 900. మొత్తం 59,660. ఇంట్లో నగ కుదువ పెట్టి 60,000 తెచ్చాను. ఏడాదికి 9 శాతం చొప్పున ఆరు నెలల వడ్డీ 2,700. అంతా కలిపి 62,360. విడిభాగాల మీద జీఎస్టీ ఆ సెప్టెంబరు 22న 18 శాతానికి దిగింది. అప్పటిదాకా ఆగినా 4,200 మిగిలేది. ఇన్సూరెన్స్ నుంచి రాబట్టుకుందామంటే, అరుగుదలకు అది వర్తించదు.

చలికాలం రాగానే అదే మూల మళ్లీ కుంగింది. పుంగనూరులో లారీల ఎయిర్ బ్రేకులు చూసే మెకానిక్ దగ్గరికి పోయాను. "పొద్దున స్టార్ట్ చేస్తే లేస్తాదా సార్?" అని అడిగాడు. లేస్తుందన్నాను. "అట్లయితే గాలి కొట్టేది బాగుంది. పొయ్యేది యాడో చూడాల." బోరు పైపు పగిలితే మోటారు మార్చే రైతు ఉంటాడా? సొంత బోరున్న మా బావకు ఈ మాట తట్టలేదు.

సమతలం మీద బండి నిలిపి, చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా నాలుగు మూలలా రాత్రి టేపుతో కొలిచాం. తెల్లారి తలుపు తీయకముందే మళ్లీ కొలిచాం. తలుపు తీస్తే కొన్ని బండ్లు వాటంతటవే ఎత్తు సరిచేసుకుంటాయి. చలికి గాలి సంకోచించి నాలుగు మూలలూ కొద్దిగా దిగడం మామూలే. ఒక్కటే బాగా దిగితే ఆ మూల ఎయిర్ స్ప్రింగో, పైపో, వాల్వో కారుతున్నట్టు. స్టాండ్లు పెట్టకుండా ఇలాంటి బండి కిందికి దూరకూడదు. సబ్బు నీళ్లు చల్లితే పైపు కీలు దగ్గర ఏమీ లేదు. స్ప్రింగు రబ్బరు మడత పడేచోట బుడగలు లేచాయి. అక్కడ రబ్బరు ముడుచుకుంటూ విచ్చుకుంటూ పగులుతుంది, మట్టి చేరి ఒరుసుకుంటుంది.

కొత్త స్ప్రింగు 20,000, జీఎస్టీ 3,600, కూలి 3,000, దాని మీద 540. మొత్తం 27,140. ఇంతతో తీరాల్సిన పనికి 89,500 అయింది. గాలి తీసేసి కాయిల్ స్ప్రింగులు వేయించే దారీ ఉంది, నాకు ఇష్టం లేదు.

బావ ఇప్పటికీ "కొత్త కంప్రెసర్ ఉండనీలే, మంచిదే" అంటాడు. ఆయన మంచివాడే, సలహా మాత్రం తప్పు. మీ బండికి ఎవరైనా కంప్రెసర్ మార్చాలంటే, ఏ మూల రాత్రికి ఎన్ని సెంటీమీటర్లు దిగిందో ముందు కాగితం మీద రాసివ్వమనండి. రాసివ్వకపోతే డబ్బు కట్టకండి.