నిలవ

డల్లాస్‌లో మా గరాజ్ ఫ్రిజ్‌లో రెండు కెగ్గులున్నాయి. ఒక్కోటీ 5 గ్యాలన్లు, అంటే దాదాపు 19 లీటర్లు. ఒకప్పుడు కూల్‌డ్రింక్ సిరప్ పోసుకోడానికి చేసిన స్టీలు పీపాల్లాంటివే ఇవి. ఇంట్లో తాగడానికి బీరు కాచుకుంటే పన్ను లేదని అమెరికా 1978లో చట్టం చేసింది.

కాచడం ఒక పూట పని. నిలవ చేయడమే అసలు విద్య. గాలి తగిలిందంటే బీరు తడిసిన అట్టముక్కలా వాసనేస్తుంది. అందుకే కెగ్గులో గాలిని కార్బన్ డయాక్సైడ్‌తో వెళ్ళగొట్టి, మూత బిగించి, చల్లగా ఉంచాలి. అప్పుడు నెలల తరబడి ఆగుతుంది. ముదురు రంగు ఘాటు బీర్లయితే ఏడాది దాటినా బావుంటాయి. హాప్స్ వాసన కోసం తాగేవి మాత్రం తొందరగా తాగెయ్యాలి.

ఈ విద్య నాకేం కొత్త కాదు. ఆవకాయ మునిగేలా నూనె పోసి జాడీకి అమ్మ వాసెన కట్టేదీ గాలి కోసమే. గుంటూరు మిర్చి రంగు పోకుండా, ధర కోసం ఎదురుచూసేదీ కోల్డ్ స్టోరేజీ చలిలోనే.

నిలవకి లొంగనిది మా తాటికల్లు. లొట్టిలో పడుతూనే పులియడం మొదలెడుతుంది. పొద్దున తీపి, సాయంత్రానికి పులుపు. లొట్టికి సున్నం పూస్తే పులియదు గానీ, అప్పుడది కల్లు కాదు, నీరా.

"ఆర్నెల్లయినా చెడదు నాన్నా, నువ్వొచ్చేదాకా ఉంచుతా" అన్నాను ఫోన్లో.

"నేనాడికి ఏం వస్తాన్రా! కల్లు దించే టైముకి నువ్వే చెట్టు కింద ఉండు" అన్నాడు.

ఆయనకి డెబ్బై ఆరు. ఎండాకాలానికి టికెట్లు చూస్తున్నాను.