బాపు చేను తిన్న పురుగు

నిరుడు అక్టోబరులో బాపు మా దగ్గరికి వచ్చారు. మాలో ఒకరికి తండ్రి, ఇంకొకరికి మామ. పిలుపు మాత్రం ఇద్దరికీ బాపే. కరీంనగర్ వైపు రైతు, డెబ్బై దాటిన మనిషి. చలి ముదరకముందే ఫ్లూ టీకా వేయిద్దామంటే, "కోడిగుడ్లల్ల చేస్తరట గదా, నాకొద్దు" అని ససేమిరా అన్నారు. ఇరవై ఏళ్లుగా గుడ్డు ముట్టని మనిషి మరి.

గుడ్డుతో పనిలేని టీకా కూడా ఉంది. ఫ్లూబ్లాక్ అనే ఆ టీకాకు 2013లో ఇక్కడ అనుమతి వచ్చింది. సంతోషంగా చెప్పాము. "మరి దేంట్ల చేస్తరు?" అన్నారు. మాకు నోట మాట రాలేదు. అది తయారయ్యేది కత్తెర పురుగు కణాలలో! 2018లో మన దేశంలో అడుగుపెట్టి, మరుసటి ఏడు బాపు మక్కచేను మొవ్వులు కొరికేసింది ఆ పురుగే.

చెప్పకుండా వేయించేద్దామా అని వంటింట్లో గుసగుసలాడుకున్నాము. పెద్దాయనను మోసం చేయడానికి మనసొప్పలేదు. మాలో ఒకరి ఉద్యోగం ప్రయోగశాలలోనే కనుక, కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పాము.

ఒకప్పుడు కందిచేనుకు బెల్లం కలిపి సాయంత్రం పూట కొట్టిన ఎన్.పి.వి. మందు బాపుకు బాగా గుర్తు. "పురుగులు తలకిందులుగ వేలాడి నీరైపోయేటివి" అన్నారు. అందులోని వైరస్‌కు దాయాది లాంటిదే ఇదీను. ఎండకూ వానకూ తట్టుకోవడానికి ఈ వైరస్ తన చుట్టూ ఒక ప్రొటీన్‌ను కుప్పలుగా తయారు చేయించుకుంటుంది. 1983లో టెక్సాస్ ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో సమ్మర్స్, స్మిత్ బృందం ఆ జన్యువు స్థానంలో మనిషి ఇంటర్‌ఫెరాన్ జన్యువును పెట్టింది. పురుగు కణాలు ఇంటర్‌ఫెరాన్ చేసి పెట్టాయి! టీకా కోసం ఫ్లూ వైరస్ పైపొరలోని ప్రొటీన్‌ను అలాగే చేయించి, శుద్ధి చేస్తారు.

"మరి పురుగును నీరు చేసే గుణమేమైంది?" అని అడిగారు బాపు. మేము ఆశ్చర్యపోయాము. శాస్త్రజ్ఞులను వేధించిన ప్రశ్న కూడా అదే! పురుగును కరిగించే ఎంజైము మనకు కావలసిన ప్రొటీన్‌ను కూడా నరికేస్తుంది. అందుకని ఆ పని చేసే రెండు జన్యువులను తీసేసిన వైరస్‌ను 2004లో తయారు చేశారు. పురుగు కణం ప్రొటీన్ల మీది చక్కెర గొలుసులను పొట్టిగా కత్తిరిస్తుంది. క్రిస్పర్ వచ్చాక ఆ కత్తిరించే జన్యువును కూడా కణంలో సవరించి చూస్తున్నారు.

"పురుగు గూడ జీవమే గద బిడ్డా" అన్నారు చివరికి. టీకా కోసం పురుగులను చంపడం లేదనీ, 1970లలో తీసిన కణాల సంతతే నేటికీ పెరుగుతోందనీ చెప్పాము. ఏమీ అనకుండా వెళ్లి పడుకున్నారు.

పొద్దున్నే చొక్కా చేయి మడుచుకుని గుమ్మంలో నిలబడ్డారు. ఆ రాత్రి ఊరికి ఫోను చేసి, టీకా కథంతా మాకంటే బాగా చెప్పారు. పురుగును ఎరిగిన మనిషి కదా!