అప్పీలుకు పోదామా వదినా!

మా ఉండిలో ఇంగ్లీషు రాని వాళ్ళున్నారు గానీ, ‘అప్పీలు’ అన్న మాట రాని వాళ్ళు లేరండీ! చేలుంటాయి, చేల మధ్య గట్లుంటాయి, గట్లున్న చోట తగాదాలుంటాయి. మా మామగారు జానెడు గట్టు కోసం భీమవరం కోర్టులో మొదలుపెట్టి, ఏలూరు జిల్లా కోర్టు మీదుగా హైదరాబాదు హైకోర్టు దాకా వెళ్ళొచ్చారు. ఇరవై రెండేళ్ళు పట్టింది. తీర్పు వచ్చేసరికి అటు చేనూ ఇటు చేనూ కూడా చేపల చెరువులైపోయాయి. గట్టెక్కడుందో వెతుక్కోవలసి వచ్చింది.

అంచేత, ఇంగ్లండులో ఉన్న తమ అమ్మాయికి వీసా కాదన్నారని తెలిసిన సాయంత్రం ఎదురింటి వదినగారు అన్న మొదటి మాట, “అప్పీలుకు పోదాం వదినా! ఎంతైనా ఫరవాలేదు” అని.

చదువు పూర్తయిన పిల్లలు అక్కడే ఉద్యోగం చేసుకునేందుకు ఇచ్చే గ్రాడ్యుయేట్ వీసా అది. ఇలాంటి సదుపాయాన్నే 2012లో ఎత్తేశారు. మళ్ళీ 2021 జూలై 1 నుంచి రెండేళ్ళకని ఇవ్వడం మొదలుపెట్టారు. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు పెట్టేవాళ్ళకు, పీహెచ్‌డీ వాళ్ళకు తప్ప, 18 నెలలే అని నిర్ణయించారు. మా కాలవ లాకుల్లాంటిదన్నమాట ఆ తలుపు. ఎప్పుడెత్తుతారో ఎప్పుడు దించుతారో, ముందుగా తెలుసుకున్న వాడిదే పడవ.

ఇంతకీ ఎందుకు కాదన్నారంటారా? ఈ అమ్మాయి చదువు పూర్తి చేసిందని యూనివర్సిటీ వాళ్ళు ముందు ప్రభుత్వానికి తెలియజేయాలి. ఆ తర్వాతే దరఖాస్తు పెట్టాలి. దరఖాస్తు నింపిన ఏజెంటుగారు మార్కులొచ్చాయి చాలులెమ్మన్నాడట. పెళ్ళిచూపులు కాకుండానే శుభలేఖలు అచ్చేయించినట్టయింది.

ముగ్గురం వీడియోలో కూర్చుని ఆ ఉత్తరం చదివాం. ఇద్దరం ఇక్కడ అరుగు మీద, అమ్మాయి అక్కడ చలిలో. 2014లో వచ్చిన చట్టంతో ఇలాంటి వాటికి అప్పీళ్ళు తీసేశారట. దాని బదులు సమీక్ష అడగవచ్చు. పద్నాలుగు రోజుల గడువు, 80 పౌన్ల రుసుము.

“జడ్జీ ఉండడా?” అన్నారు వదినగారు.

“ఉండడండీ. అదే శాఖలో ఇంకో అధికారి చూస్తాడు.”

“పోనీ ఇప్పుడు యూనివర్సిటీ కాగితం జత చేస్తే?”

“మామూలుగా కొత్త కాగితాలు చూడరట. మొదటి అధికారి పొరపాటు చేశాడా లేదా, అంతే.”

అప్పుడు అమ్మాయి నెమ్మదిగా అంది. “అత్తయ్యా, ఆయన పొరపాటేం లేదు. నిబంధన ప్రకారమే కాదన్నాడు. యూనివర్సిటీ వాళ్ళు మొన్న తెలియజేశారు. నా విద్యార్థి వీసా ఇంకా పదకొండు రోజులుంది. కొత్తగా దరఖాస్తు పెట్టుకోవచ్చు.”

“రెండూ చేస్తే పోలా?” అన్నారావిడ.

కుదరదట. కొత్త దరఖాస్తు పెడితే సమీక్ష వదులుకున్నట్టే లెక్క. రెండు పడవల మీద కాళ్ళు పెట్టనివ్వరు.

అసలు చిక్కు డబ్బు దగ్గరొచ్చింది. అప్పట్లో దరఖాస్తుకు 880 పౌన్లు ఉండేది, ఆరోగ్య రుసుము ఏడాదికి 1,035 చొప్పున రెండేళ్ళకు. మన లెక్కలో మూడు లక్షల పైమాటే. మొదటిసారి కట్టిన ఆరోగ్య రుసుము తిరిగిస్తారు గానీ ఈ పదకొండు రోజుల్లో చేతికొస్తుందన్న నమ్మకం లేదు. దరఖాస్తు రుసుము రానే రాదు. అన్నయ్యగారి డబ్బంతా రొయ్యల చెరువులో ఉంది. పట్టుబడికి నెల్లాళ్ళుంది. మిగిలింది అత్తగారిచ్చిన కాసులపేరు.

“దాని పెళ్ళికని దాచానే...” అన్నారు వదినగారు. సంబంధం వాళ్ళు అప్పటికే “వీసా తేలాక మాట్లాడుకుందాం” అని ఫోను పెట్టేశారు. నాకేం చెప్పాలో తోచలేదు. బంగారం విషయంలో సలహా ఇచ్చి మంచిదనిపించుకున్న ఇరుగుపొరుగు ఉన్నారా, మీరే చెప్పండి!

“అమ్మా, వచ్చేయమంటే వచ్చేస్తానే” అంది అమ్మాయి.

ఆవిడ కాసేపు మాట్లాడలేదు. “రావాలనిపిస్తే నీ ఇష్టం మీద రావే. కాగితం ముందు పెట్టామనో వెనక పెట్టామనో రావద్దు” అని లేచి లోపలికెళ్ళారు. బీరువా తలుపు చప్పుడు నాకూ వినబడింది, ఇంగ్లండులో దానికీ వినబడింది. అమ్మాయి మొహం అవతలికి తిప్పేసుకుంది.

మర్నాడు బ్యాంకుకు నేనూ తోడెళ్ళాను. తొమ్మిదో రోజు మిగిలుండగా దరఖాస్తు పడింది. ఆరు వారాలకు వీసా వచ్చింది. కాసులపేరు సగం పాత రుసుము తిరిగొచ్చి, సగం అమ్మాయి మొదటి జీతంతో విడిపించుకున్నారు. సంబంధం వాళ్ళు కూడా మళ్ళీ ఫోను చేశారండోయ్! వదినగారు మర్యాద తప్పకుండా, “అమ్మాయినడిగి చెబుతామండీ, ఏమనుకోకండి” అన్నారు.

ఇప్పుడు మా వీధిలో ఎవరి పిల్లలకు ఏ దేశం నుంచి ఉత్తరం వచ్చినా ముందు ఆవిడ దగ్గరికే తెస్తున్నారు. కళ్ళజోడు సవరించుకుని, “ముందు గడువెంతో చూడమ్మా. తర్వాత తప్పెవరిదో చూడు. వాళ్ళదైతే ఒక దారి, మనదైతే ఇంకో దారి. ఏడుపుకేం, అది గడువు దాటాకా ఏడవచ్చు” అంటారు.